గైడ్ దొరకలేదని ఆగకండి: రాయగడ నర్సింగ్ ట్యూటర్ ప్రశ్నకు సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు రాయగడ దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. మీ సెకండియర్ పిల్లలు వార్డు పోస్టింగుకి వెళ్తే, కువి మాట్లాడే కొండ ఊళ్ల రోగుల దగ్గర హిస్టరీ (జబ్బు వివరాలు అడిగి రాసుకోవడం) తీసుకోలేక తడబడుతున్నారు. అందుకని క్లాసులో రోల్‌ప్లేలు చేయించారు. ముందు ఒక టెస్టు, తర్వాత ఒక టెస్టు పెడితే సగటు ఇరవైకి పదకొండు నుంచి పదహారుకి పెరిగింది. పేపర్ రాసి పంపితే జర్నల్ వాళ్లు ‘కొత్తదనం లేదు, సిద్ధాంతపరమైన ఆధారం లేదు’ అని తిప్పి పంపారు. కాలేజీలో ఎవర్ని అడిగినా ‘పిల్లల మీద చేసేది రీసెర్చ్ ఏంటి, పేషెంట్ల మీద ఏదైనా చెయ్యి’ అంటున్నారు. నాకు గైడ్ లేరు, ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు.

నేను బరంపురంలో ఉంటాను. కమ్యూనిటీ మెడిసిన్ టీచర్‌గా ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. వైద్య విద్య మీద పరిశోధన మాత్రం నలభై దాటాక మొదలుపెట్టాను. మీకంటే ఆలస్యంగానే వచ్చాను. అందుకే మీరు ఎక్కడ ఆగిపోయారో నాకు బాగా తెలుసు.

ముందుగా ‘ఇదేం రీసెర్చ్’ అనే మాట సంగతి. ఆ మాట నాకూ చాలామంది అన్నారు. 1990లోనే అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ పండిత కృషిని నాలుగు రకాలుగా చెప్పాడు. కొత్తది కనుక్కోవడం, వేర్వేరు శాస్త్రాల్లో ఉన్నవాటిని కలిపి చూడడం, తెలిసినదాన్ని ఆచరణలో పెట్టడం, బోధన. బోధనను కూడా మిగతా మూడింటి పక్కనే కూర్చోబెట్టాడు. మీ పిల్లలు రేపు ఏదో ఒక పీహెచ్‌సీలో ఒంటరిగా నైట్ డ్యూటీ చేస్తారు. ఆ రాత్రి రక్తస్రావంతో వచ్చిన గర్భిణిని వాళ్లు సరిగ్గా అడగగలరా లేదా అన్నది పేషెంట్ల సంగతి కాకపోతే మరెవరి సంగతి? ఈ విషయంలో మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఇక జర్నల్ జవాబు. మీకు కష్టంగా ఉంటుందని తెలిసినా చెబుతున్నాను, వాళ్లు అన్నది సరైన మాటే. ఏ పద్ధతిలో చెప్పినా, చెప్పిన వెంటనే పరీక్ష పెడితే మార్కులు పెరుగుతాయి. రోల్‌ప్లేకి పెట్టిన ఆ సమయమంతా పుస్తకం చదివించినా పెరిగేవేమో. పోల్చడానికి ఇంకో గుంపు లేదు కాబట్టి, పెరిగింది రోల్‌ప్లే వల్లేనని మీరు చెప్పలేరు. కానీ పోల్చే గుంపును పెట్టి మళ్లీ చేయమని నేను చెప్పను. అసలు చిక్కు మీ ప్రశ్నలో ఉంది.

2008లో కుక్, బోర్డాజ్, ష్మిట్ అనే ముగ్గురు వైద్య విద్యలో జరిగిన ప్రయోగాలను, ఏ ఉద్దేశంతో చేశారన్నదాన్ని బట్టి మూడు రకాలుగా విడదీశారు. ‘మేం ఇలా చేశాం’ అని చెప్పేవి ఒక రకం. ‘మేం చేసింది పనిచేసిందా’ అని అడిగేవి రెండో రకం. ‘అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది’ అని అడిగేవి మూడో రకం. వాళ్లు చూసిన వాటిలో మూడో రకం 12 శాతమే. మన దగ్గర వచ్చే ప్రాజెక్టుల్లో నేను చూసినవన్నీ దాదాపు రెండో రకమే. మీదీ అంతే. రాయగడలో రోల్‌ప్లే పనిచేసిందని తెలిస్తే నాందేడ్‌లో ఉన్న టీచర్‌కి ఏం ఉపయోగం? ఆమె పిల్లలు వేరు, భాషలు వేరు, ఆస్పత్రి వేరు. కానీ ‘దుబాసీ సాయంతో హిస్టరీ తీసుకునేటప్పుడు విద్యార్థి ఎక్కడ దారి తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది’ అని మీరు కనిపెడితే ఆమె కూడా ఆపకుండా చదువుతుంది.

మీరు మీ పోస్టులో పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘వార్డులో అయితే అత్తగారో, భర్తో, ఆశా దీదీయో పక్కనుండి ఒడియాలోకో తెలుగులోకో చెబుతారు మేడమ్, రోల్‌ప్లేలో మాత్రం ఒక అమ్మాయి పేషెంటుగా, ఇంకో అమ్మాయి నర్సుగా కూర్చుంటుంది’ అన్నారు. చూశారా? మీ రోల్‌ప్లేలో మూడో మనిషి లేదు. మీ పిల్లలకున్న కష్టమంతా ఆ మూడో మనిషి దగ్గరే ఉంది. పేషెంటు రెండు నిమిషాలు మాట్లాడుతుంది, చేతులు ఊపి చెబుతుంది, కళ్లు తుడుచుకుంటుంది. అత్తగారు ఇటు తిరిగి ‘కడుపు నొప్పట’ అంటుంది. మీ అమ్మాయి కేస్ షీటులో ‘కడుపు నొప్పి’ అని రాసుకుని పక్క మంచం దగ్గరికి పోతుంది. ఆ రెండు నిమిషాల మాటలు ఎటు పోయాయి? ఆ అమ్మాయి ‘ఇంకేం చెప్పింది అత్తా’ అని ఎందుకు అడగలేదు? భయమా, టైం లేకనా, అడగవచ్చని తెలియకనా, సిస్టర్ తొందరపెడుతుందనా? అత్తగారి ముందు అడగకూడని ప్రశ్నలు ఉంటాయని ఆమెకు ఎవరైనా చెప్పారా? పరిశోధన ఇక్కడ ఉంది. ఈ ప్రశ్న మీ వార్డులోనే పుట్టింది, పుస్తకంలో దొరికింది కాదు. అందుకే దాన్ని మీకంటే బాగా అడగగలిగినవాళ్లు ఢిల్లీలోనూ లేరు.

మీ టెస్టు గురించి కూడా ఒక మాట. ఇరవై మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టానన్నారు. 1990లో జార్జ్ మిల్లర్ ఒక పిరమిడ్ బొమ్మ గీసి చెప్పాడు. అట్టడుగున విషయం తెలియడం, దాని పైన ఎలా చేయాలో తెలియడం, ఆ పైన చేసి చూపగలగడం, శిఖరాన రోజువారీ పనిలో నిజంగా చేయడం. మీకు కావలసింది పై రెండు మెట్లు. మీరు కొలిచింది కింది రెండు మెట్లు. ‘దుబాసీ ఉన్నప్పుడు నర్సు ఎవరి ముఖం చూసి మాట్లాడాలి’ అన్న ప్రశ్నకు సరైన టిక్కు పెట్టే అమ్మాయి, వార్డులో అత్తగారి ముఖమే చూస్తూ మాట్లాడవచ్చు. పరీక్షలో ఆ సంగతి బయటపడదు. పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి నేనైతే ఇలా మొదలుపెడతాను. అనుమతులన్నీ వచ్చాక (ఆ సంగతి కింద చెబుతాను) పదో పన్నెండో సంభాషణలు పక్కన కూర్చుని చూస్తాను. ఎవరు ఎవరితో మాట్లాడారు, పేషెంటు చెప్పినదాంట్లో ఎంత ఇటు దాటింది, విద్యార్థి ఎక్కడ తిరిగి అడిగింది, ఎక్కడ ఊరుకుంది, అదే రోజు సాయంత్రంలోగా రాసుకుంటాను. తెల్లారితే సగం మరిచిపోతాం. తర్వాత ఆ అమ్మాయిలతో విడివిడిగా అరగంట మాట్లాడతాను. వీలైతే దుబాసీలుగా నిలబడినవాళ్లతోనూ మాట్లాడతాను, ఎందుకంటే వాళ్లను అడిగేవాళ్లే ఉండరు. ‘పన్నెండు సరిపోతాయా, శాంపిల్ సైజు ఎంత’ అని మీ దగ్గర ఎవరైనా అడిగితే కంగారు పడకండి. అంకెల కంటే మనుషుల మాటల్ని, నడతను చూసే ఇలాంటి గుణాత్మక పరిశోధనలో ప్రతి సంభాషణ నుంచీ ఎంత తెలుస్తోంది అన్నదే లెక్క. ఇక కొత్త సంగతి రావడం లేదని మీకు రుజువుతో సహా అనిపించినప్పుడు ఆగుతారు.

సిద్ధాంతం అన్న మాట వింటే మన టీచర్లకు చలి పుడుతుంది. నాకూ పుట్టేది. బరంపురం పట్టు నేసే వీధుల్లో పెరిగినవాళ్లకు అది చెప్పడం తేలిక. ఆ ఇళ్లలో పిల్లలకు ఎవరూ క్లాసు పెట్టి నేత నేర్పరు. ముందు కండెలు చుడతారు, తెగిన పోగు అతకడం చూస్తారు, ఒకటో రెండో ఏళ్లకు ఎవరో లేచి వెళ్లినప్పుడు మగ్గం మీద కూర్చుంటారు. అంచున మొదలై నడిమికి వస్తారు. జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో చెప్పినది సరిగ్గా ఇదే. వాళ్లు తీసుకున్న ఉదాహరణల్లో లైబీరియా దర్జీలున్నారు, మెక్సికోలోని యుకతాన్ మంత్రసానులున్నారు. ఆ మంత్రసానుల ఇంటి ఆడపిల్లలు కబుర్లు మోస్తూ, సామాన్లు అందిస్తూ పెద్దయి, ఎప్పుడు నేర్చుకున్నారో తెలియకుండానే ఆ పని నేర్చేసుకుంటారు. ఇప్పుడు మీ పిల్లల్ని ఈ కళ్లతో చూడండి. వార్డులో వాళ్ల పక్కన ఎవరు ఉంటున్నారు? దుబాసీతో చక్కగా మాట్లాడే సిస్టర్‌ని వాళ్లు ఒక్కసారైనా చూశారా, లేక మొదటి రోజే మగ్గం ఎక్కించేశామా? ఈ ప్రశ్న మీకు సిద్ధాంతం నుంచి వచ్చింది. సిద్ధాంతం చేసే పని అంతే, మామూలుగా కనబడనిదాన్ని చూపిస్తుంది. ఒక్కదాన్ని తీసుకుని బాగా చదవండి. పేపర్ చివర్లో నాలుగు పేర్లు అతికించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అనుమతుల సంగతి. ‘ప్రిన్సిపాల్ మేడమ్ పర్మిషన్ ఉంది’ అని రాశారు. అది చాలదమ్మా. పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వేరు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో విద్యార్థుల్ని కూడా ప్రత్యేక రక్షణ కావలసినవాళ్లలో చేర్చారు, ఎందుకంటే మార్కులు వేసే టీచర్ అడిగితే పిల్లలు కాదనలేరు. నా మొదటి ప్రాజెక్టు ఇక్కడే కూలిపోయింది. రెండు బ్యాచ్‌ల పిల్లల దగ్గర ఫీల్డ్ విజిట్ల మీద వాళ్ల రాతలు సేకరించాను. ఎంత నిజాయితీగా రాశారో, ఇప్పటికీ కొన్ని వాక్యాలు గుర్తున్నాయి. అప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీలో ఒక పెద్దమనిషి ‘టీచింగే కదా, కమిటీ ఎందుకు’ అన్నారు, నేనూ నమ్మాను. అంతా అయ్యాక కమిటీకి వెళ్తే, జరిగిపోయినదానికి అనుమతి ఇవ్వలేమన్నారు. వాళ్లు చెప్పింది న్యాయమే. ఆ కాగితాలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. మీ పాత స్కోర్లను కూడా అచ్చులోకి తేవద్దని చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ అదే సరైన పని. వాటి నుంచి మీకు ప్రశ్న దొరికింది, అది ఉంచుకోండి.

మీ కాలేజీకి కమిటీ లేకపోతే రాతపూర్వక ఒప్పందంతో వేరే సంస్థ కమిటీకి దరఖాస్తు పెట్టే దారి ఉంది. ఆ కమిటీ రిజిస్టర్ అయిందో లేదో ముందే అడగండి. పిల్లల సమ్మతి మీరు తీసుకోవద్దు, వాళ్లకు మార్కులు వేయని సహోద్యోగి చేత తీయించండి. ఒప్పుకోకపోయినా ఇంటర్నల్స్ మీద ప్రభావం ఉండదని కాగితం మీద ఉండాలి, నిజంగానూ ఉండకూడదు. పేషెంట్ల సమ్మతి వాళ్ల భాషలో తీసుకోవాలి. చదువు రానివాళ్లయితే ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి, అంతా వివరించారని చూశాకే వేలిముద్ర వేయించాలి. ఆ సాక్షి అత్తగారు అయితే మీ పరిశోధనకే అర్థం ఉండదు కదా.

ఇప్పుడు గైడ్ మాట. మీరు అడిగింది ఇదే అయినా ఇంత కిందికి తెచ్చానంటే కారణం ఉంది. చేతిలో ప్రశ్న లేకుండా ‘మేడమ్, నన్ను గైడ్ చేయండి’ అని వచ్చినవాళ్లకు నేనే ఏమీ చేయలేకపోయాను. మంచి మనసుతో గంట మాట్లాడి పంపించాను, అంతే. ‘మేడమ్, ఈ మూడో మనిషిని ఎలా కొలవాలో తెలియడం లేదు’ అని వచ్చేవాళ్లతో మాత్రం మూడేళ్లు నడిచాను.

రెండో సంగతి, ఒక్క మనిషిలో అన్నీ వెతకకండి. గైడ్ లేకపోవడం మీ ఒక్కరి దురదృష్టమూ కాదు. 2006లో జామా పత్రికలో సాంబుంజాక్, ఆయన సహచరులు వైద్య విద్యాసంస్థల్లో మెంటార్‌షిప్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. కొన్ని విభాగాల్లో మెంటార్ ఉన్న అధ్యాపకులు 20 శాతం కంటే తక్కువ. అవి ఎక్కువగా డబ్బున్న దేశాల అధ్యయనాలు! క్యాథీ క్రామ్ 1980లలో కంపెనీ ఉద్యోగుల్ని గమనించి, మెంటార్ చేసే పనుల్ని రెండు కుప్పలుగా పోసింది. వృత్తిలో ముందుకు తీసుకెళ్లడం ఒకటి, మనసుకు అండగా ఉండడం ఇంకొకటి. ఈ రెండూ ఒకరి దగ్గరే దొరకాలని ఎక్కడా లేదు. నాకైతే ఎప్పుడూ దొరకలేదు. నా పరిశోధన ప్రశ్నను సరిచేసింది ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్, ఆయన డాక్టరే కాదు. ఏడుపొచ్చినప్పుడు ఫోన్ చేసింది నాతోపాటే మొదలుపెట్టిన ఒక డెంటల్ కాలేజీ స్నేహితురాలికి. టైమ్‌టేబుల్లో నాకు శనివారం మధ్యాహ్నాలు ఖాళీ ఇప్పించింది, పరిశోధన అంటే ఏమాత్రం ఆసక్తి లేని మా హెచ్‌వోడీ. ఆ మధ్యాహ్నాలే లేకపోతే నా మొదటి పేపర్ లేదు.

మీకు కావలసిన మనుషులు కూడా ఇలాగే వేర్వేరు చోట్ల ఉన్నారు. గుణాత్మక పద్ధతి తెలిసినవాళ్లు ఒకరు కావాలి. వాళ్లు నర్సింగ్ వాళ్లే కానక్కర్లేదు. యూనివర్సిటీల్లో సోషల్ వర్క్, ఆంత్రోపాలజీ చదివినవాళ్లు ఈ పనిలో మనకంటే చాలా ముందున్నారు. మీ ఊరు రైల్వే లైను మీదే ఉంది, విజయనగరం, విశాఖ వెళ్లి ఒక పూట కూర్చుని రావచ్చు. ఫోను కంటే అది నయం. మీలాంటి ప్రశ్నే ఉన్న తోటివాళ్లు ఒకరిద్దరు కావాలి, జయపురంలోనో పర్లాకిమిడిలోనో. రెండు వారాలకొకసారి గంట కలవండి. రాసిన పేజీ చూపించందే కలవకూడదని నియమం పెట్టుకోండి.

ఇంకొకరు మీ వార్డులోనే ఉన్నారు. కువి వచ్చిన ఆయా ఒకామె ఉందని, పిల్లలందరూ ఆమె వెంటే పడతారని రాశారు. ఈ ప్రశ్నకు ఆమె మీ మెంటార్. నేను ఊరికే గౌరవం కోసం అనడం లేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు స్కూల్ టీచర్. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. ఆ భాషకు పుస్తకం లేదు, గురువు లేడు. సవరలనే గురువులుగా పెట్టుకుని నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, బడులు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. క్లాసులో ఎదురైన ఇబ్బందిని పట్టుకుని జీవితాంతం వదలని మనిషి మన పక్క ఊళ్లోనే తిరిగాడు. మీ ఆయాతో ఒక మధ్యాహ్నం కూర్చోండి. ‘అమ్మాయిలు ఏం తప్పు చేస్తున్నారు’ అని అడిగి, ఆమె చెప్పేది ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆ పనికి సమయం, శ్రమ పెడుతుంది కాబట్టి పేపర్లో ఆమె పేరు చెప్పి కృతజ్ఞతలు రాయండి, ఆమెను అడిగి.

డాక్టర్ల దగ్గరికి వెళ్తే ఒక జాగ్రత్త. నేనూ డాక్టర్నే కాబట్టి నిస్సంకోచంగా చెబుతున్నాను. మాలో కొందరు నర్సింగ్ టీచర్‌ని డేటా తెచ్చిపెట్టే మనిషిగానే చూస్తారు. మొదటి మీటింగులోనే ‘నా ప్రశ్న ఇది, దీన్ని నేను రాస్తాను, మీ సాయం ఈ భాగంలో కావాలి’ అని చెప్పండి. మర్యాద తగ్గాల్సిన పనిలేదు, మాట మాత్రం స్పష్టంగా ఉండాలి. ఎవరి పేరు ముందుండాలి అన్నది కూడా మొదటి నెలలోనే మాట్లాడుకోండి. ఒకసారి ఒక సీనియర్ నా డ్రాఫ్టును పద్నాలుగు నెలలు పెట్టుకుని, చివరికి తన పేరు ముందు పెట్టి పంపారు. నాకు అడిగే ధైర్యం లేకపోయింది. అంతర్జాతీయ జర్నల్ ఎడిటర్ల కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో గణనీయమైన పాత్ర ఉండాలి, రాయడంలోనో లోతుగా దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, మొత్తానికి బాధ్యత వహించాలి. నాలుగూ ఉండాలి. ఈ కాగితం ఒకటి ప్రింట్ తీసి మొదటి రోజే టేబుల్ మీద పెట్టండి. మీరు చెప్పలేని మాట ఆ కాగితం చెబుతుంది.

తెలియనివాళ్లకు మెయిల్ రాసేటప్పుడు పొడుగాటి పొగడ్తలొద్దు. ఆరేడు వాక్యాలు, ఒక పేజీ జత, జవాబివ్వగలిగే ఒక్క ప్రశ్న. ‘నా గమనిక పట్టిక ఇది, ఇందులో దుబాసీ మాటల్ని వేరే వరుసలో పెట్టాలా’ అని అడిగితే ఎంత బిజీ మనిషైనా రెండు లైన్లు రాస్తారు. పది రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేయండి. జవాబొస్తే ఏం చేశారో తిరిగి రాయండి. చాలామంది ఇక్కడే జారిపోతారు. సలహా తీసుకున్నవాళ్లు మళ్లీ కనబడకపోతే సలహా ఇచ్చినవాళ్లకు మనసు విరిగిపోతుంది, నాకు తెలుసు.

కోర్సుల గురించి త్వరగా చెప్పేస్తాను. ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) వారి వైద్య విద్య బేసిక్ కోర్సు, ప్రాజెక్టుతో కూడిన అడ్వాన్స్‌డ్ కోర్సు మెడికల్ కాలేజీ టీచర్లకు ఉద్దేశించినవి. అవి మీకు లేవని దిగులు వద్దు. కొరాపుట్‌లో 2017లో మెడికల్ కాలేజీ వచ్చింది, బరంపురంలో 1962 నుంచీ ఉంది. ప్రతి మెడికల్ కాలేజీలోనూ మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ ఉంటుంది. సెషన్లకు కూర్చోనిస్తారా అని అడగండి. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ వారి బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, పరిశోధన వ్యాకరణం నేర్చుకోవడానికి మంచిది. కానీ అది రోగాల పరిశోధన చూపుతో ఉంటుంది, మీ ప్రశ్నకు సగమే సరిపోతుంది.

నాకు నిజంగా మలుపు తిప్పింది వైద్య విద్య టీచర్ల కోసం ఉన్న ఫైమర్ ఫెలోషిప్. ముంబైలో, లూధియానాలో, కోయంబత్తూరులో దీని ప్రాంతీయ సంస్థలు 2005, 2006, 2007లో వరసగా వచ్చాయి. రెండేళ్ల కోర్సు. కొన్ని రోజులు ముఖాముఖి, మిగతా కాలమంతా సొంత కాలేజీలో ప్రాజెక్టు, దూరం నుంచి మెయిళ్ల ద్వారా తోటివాళ్ల, పెద్దల సాయం. కోర్సులో నేర్చుకున్నదానికంటే, రాత్రి పదకొండింటికి నా ప్రశ్నకు జవాబు రాసే ఇరవైమంది దొరకడమే నాకు పెద్ద లాభం. అందులో డెంటల్ వాళ్లు, నర్సింగ్ వాళ్లు కూడా నాకు పరిచయమయ్యారు. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చూసుకుని అప్లై చేయండి. అప్లికేషన్‌లో అడిగేది ప్రాజెక్టు ఆలోచనే కాబట్టి, పైన చెప్పిన పని ముందు చేస్తే మీకది కలిసొస్తుంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వారి నేషనల్ కన్సార్టియం ఉంది. కానీ ఇప్పుడే ఆ టెన్షన్ పెట్టుకోకండి.

అచ్చు విషయంలో ఒకటే. ‘వారంలో పబ్లికేషన్, డబ్బు కట్టండి’ అని వాట్సాప్‌లో వచ్చే జర్నల్స్ జోలికి వెళ్లకండి. ప్రమోషన్ల ఒత్తిడి నాకు తెలుసు. తెలిసినా ఇదే చెబుతాను. ఒకసారి అక్కడ పడిన పని ఇంకెక్కడా చెల్లదు. ఆ ఆయా మాటలు, ఆ పిల్లల మాటలు అలాంటి చోట పడేయడానికి మీకు మనసొప్పకూడదు. రుసుము తీసుకునే మంచి జర్నల్స్‌లో మినహాయింపు అడిగే వీలుంటుంది, పంపకముందే అడగండి.

రాయడం ఇంగ్లీషులో కష్టంగా ఉందని మీరు చివర్లో రాశారు. ముందు తెలుగులోనే రాయండి. మీ నోట్సు, మీ వాదన, ఏం చూశారు, ఎందుకు ఆశ్చర్యపోయారు, అంతా తెలుగులో. ఆలోచన తేలాక ఇంగ్లీషు చేయడానికి సాయం దొరుకుతుంది. ఆలోచనే తేలకుండా ఇంగ్లీషులో రాస్తే, అందరూ రాసే వాక్యాలే మన చేతికొస్తాయి. నేను ఇప్పటికీ మొదటి చిత్తు తెలుగులోనే రాస్తాను.

ఈ రెండు వారాల్లో చేయాల్సింది ఒక్కటే. ఒక పేజీ రాయండి. వార్డులో మీరు కళ్లారా చూసిన ఒక్క సంభాషణ, పేర్లు, ఊరు లేకుండా. అందులో మీకు అర్థం కాని సంగతి ఒకటి. దాన్ని తెలుసుకుంటే ఎవరికి ఉపయోగం అన్నది రెండు వాక్యాలు. దాన్ని ముందు ఆయాకు చదివి వినిపించండి, ఆమె ఎక్కడ తల అడ్డంగా ఊపితే అక్కడ దిద్దండి. తర్వాత ఇక్కడే పెట్టండి. నేను ఆదివారం పొద్దున్న కూర్చుని చదువుతాను, అదే రోజు జవాబు రాస్తాను. గుణాత్మక పద్ధతిలో నాకంటే గట్టివాళ్లు ఇద్దరు నాకు తెలుసు, మీరు ఒప్పుకుంటే ఆ పేజీ వాళ్లకూ పంపుతాను.